పక్క సీటు

మొన్న ఒక తమ్ముడు "డిగ్రీ అయ్యాక డీఎస్సీ, గ్రూప్స్ తప్ప మనకి ఇంకో దారి లేదా" అని అడిగాడు. దానికి నా దగ్గర పెద్ద జవాబు లేదు. నేను ఏ దారి అనుకుంటున్నానో, అందులో ఎక్కడ తప్పు చేశానో మాత్రం రాస్తున్నాను. కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి.

నాకు డ్రైవింగ్ మాస్టారు అవ్వాలని ఉంది. డ్రైవర్ కాదు, డ్రైవింగ్ నేర్పేవాడు. హాస్టల్లో చెబితే మా రూమోళ్లు నవ్వారు. "దానికి డిగ్రీ ఎందుకురా" అన్నారు.

మా ఊరు పెదబయలు మండలంలో బాగా లోపలికి. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కింది నేనే మొదలు. మా బాబాయి సంతలకి జీపు నడిపేవాడు. ఆయనకి ఎవరూ నేర్పలేదు. నాలుగేళ్లు క్లీనరుగా వెనక వేలాడి, చూసి నేర్చుకున్నాడు. లైసెన్సు లేదు. దిగుడు వస్తే ఇంజను ఆపేసి న్యూట్రల్లో వదిలేసేవాడు, డీజిలు మిగులుతుందని. నేను ఏడో తరగతిలో ఉండగా ఒక సంత రోజున మలుపులో జీపు బోల్తా కొట్టింది. ప్రాణాలు పోలేదు. బాబాయికి మాత్రం ఎడమ కాలు ఇప్పటికీ సరిగా వంగదు. లైసెన్సు లేదు కాబట్టి అడగడానికి మొహం లేక ఎవరినీ ఏమీ అడగలేదు. దెబ్బలు తగిలినవాళ్లకి మందుల ఖర్చు కోసం రెండు ఎడ్లు అమ్మేశారు.

"బ్రేకు తొక్కితే రాయిలాగ అయిపోయిందిరా" అని బాబాయి ఎన్నిసార్లు చెప్పాడో. దేవత కోపం అని ఊళ్లో కొందరు అనుకున్నారు. అలా ఎందుకు అవుతుందో నాకు పద్దెనిమిదేళ్లు దాటాక తెలిసింది. ఇంజను ఆగిపోతే బ్రేకుకి సాయం చేసే బూస్టర్ కూడా పనిచెయ్యదు. రెండు మూడుసార్లు తొక్కేసరికి పెడల్ గట్టిపడిపోతుంది. గేరులో ఉంటే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, న్యూట్రల్లో ఆ పట్టు ఉండదు, బరువంతా బ్రేకుల మీదే పడి అవి కాలిపోతాయి. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి. ఒక్క ముక్క. ఆ ఒక్క ముక్క బాబాయికి ఎవరూ చెప్పలేదు.

విశాఖలో డిగ్రీలో చేరాక స్కాలర్‌షిప్ డబ్బులు దాచి ఒక డ్రైవింగ్ స్కూల్లో చేరాను. ఎల్‌ఎల్‌ఆర్ తీసుకుని, నెల ఆగి టెస్టుకి వెళితే మొదటిసారి ఫెయిల్. ఎత్తు మీద ఆపి మళ్లీ కదిలించే చోట బండి వెనక్కి జారింది. రెండోసారి పాసయ్యాను. తర్వాత అదే స్కూల్లో పొద్దున్న అయిదున్నర నుంచి ఏడున్నర దాకా హెల్పర్‌గా కుదిరాను. కార్లు కడగడం, ముందూ వెనకా ఎల్ బోర్డులు కట్టడం, రిజిస్టర్లు రాయడం నా పని. నెలకి వచ్చేది మెస్ బయట ఖర్చులకి సరిపోయేది.

రిజిస్టర్లు రాస్తూనే రూల్సు తెలిశాయి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 24వ నిబంధన చూడండి. స్కూల్లో నేర్పేవాడికి పదో తరగతి పాస్ ఉండాలి. అయిదేళ్లు బండి నడిపిన అనుభవం ఉండాలి. దాంతోపాటు గుర్తింపు ఉన్న సంస్థ నుంచి మోటారు మెకానిక్ కోర్సు సర్టిఫికెట్ గానీ, మెకానికల్ ఇంజనీరింగులో అంతకంటే పై చదువు గానీ ఉండాలి. ట్రాఫిక్ గుర్తులు పూర్తిగా తెలియాలి, బండిలో ఏ భాగం ఎలా పనిచేస్తుందో విప్పి చెప్పగలగాలి. ఇంగ్లీషు గానీ ప్రాంతీయ భాష గానీ రావాలి. నాకు ఇంటరు ఉంది, తెలుగు వచ్చు. లైసెన్సు వచ్చి రెండేళ్లు. మెకానిక్ సర్టిఫికెట్ లేదు. అంటే నేను ఇంకా పనికిరాను.

అయినా ఒక రోజు కూర్చున్నాను. అదే చెప్పాలి.

సార్‌కి జ్వరం, రాలేదు. ఓనర్ "ఒక్కరోజే కదా, నువ్వు కూర్చో, నీకు బాగా వచ్చు" అన్నాడు. ఆ మాటకి నేను పొంగిపోయాను, నిజం చెబుతున్నా. నేర్చుకోడానికి వచ్చింది ఒక నర్సు అక్క, మా ఏజెన్సీ మనిషే, మా కువి మాట్లాడుతుంది. ఏటవాలు రోడ్డు మీద బండి ఆగింది. కదిలించమన్నాను. క్లచ్ ఒక్కసారిగా వదిలేసింది, ఇంజను ఆగి బండి వెనక్కి జారడం మొదలైంది. వెనక పాలబ్బాయి బండి ఆపుకుని ఉన్నాడు. నేను తెలుగులో "బ్రేక్, బ్రేక్" అని అరిచాను. అక్క బిగుసుకుపోయింది. స్కూలు బండిలో పక్క సీటు దగ్గర కూడా బ్రేకు, క్లచ్ ఉంటాయి. కానీ నా కాళ్లు సీటు కిందకి ముడుచుకుని దర్జాగా కూర్చున్నాను. కాలు ముందుకి తెచ్చి తొక్కేసరికి పాలబ్బాయికీ మాకూ మధ్య మూరెడు కూడా లేదు. వాడు తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

అక్క ఏడ్చేసింది. అప్పుడు నాకు తెలుగు రాలేదు, కువిలోనే మాట్లాడాను. క్లచ్ సగం వదలగానే బండి ముక్కు కొంచెం లేచినట్టు వణుకుతుంది, ఎద్దు కాడి పడగానే మెడ ఎత్తినట్టు, అప్పటిదాకా బ్రేకు వదలకు అన్నాను. మూడోసారికి ఎక్కించేసింది. పదిరోజులుగా సార్ "హాఫ్ క్లచ్, హాఫ్ క్లచ్" అంటుంటే ఏంటో అర్థం కాలేదంట, అడగడానికి సిగ్గేసిందంట.

స్కూలుకి తిరిగొచ్చాక ఓనర్ ఫారం 15 ముందు పెట్టాడు. ఎవరు ఎన్ని గంటలు నడిపారో రాసే రిజిస్టర్ అది. మామూలు కారుకి 21 రోజులకి తగ్గకుండా శిక్షణ, అందులో కనీసం 10 గంటలు నిజంగా రోడ్డు మీద నడపాలని రూలు. "సార్ పేరు రాసెయ్" అన్నాడు. రాశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పాలబ్బాయికి ఏమైనా అయ్యుంటే, ఆ కాగితం ప్రకారం నేను ఆ బండిలోనే లేను. మా బాబాయికి లైసెన్సు లేదని మనం అంటాం. నాకూ ఆయనకీ ఆ పూట తేడా ఏముంది?

మర్నాడు ఇంక కూర్చోనని చెప్పాను. ఓనర్‌కి నచ్చలేదు, జీతం కొంత కోశాడు. మానెయ్యలేదు, నాకు అవసరం.

సార్ వచ్చాక ఆయనకి అంతా చెప్పాను. తిడతాడనుకున్నా. "కాళ్లెక్కడ పెట్టావు?" అని ఒక్కటే అడిగాడు. తర్వాత కూర్చోబెట్టి చెప్పాడు. పక్క సీట్లో కూర్చున్నోడి కాలు ఎప్పుడూ బ్రేకు మీద ఆడుతూ ఉండాలంట, ఆనీ ఆననట్టు. నేర్చుకునేవాళ్ల కాళ్లు కాదు, భుజాలు చూడాలంట. భయం ముందు భుజాల్లో కనబడతది, అప్పటికే నువ్వు తయారుగా ఉండాల అన్నాడు. అరవడం వల్ల ఎవరికీ బ్రేకు దొరకదు అన్నాడు. ఆ తర్వాత మిగిలిన రోజులు అక్క క్లాసుకి నన్ను వెనక సీట్లో కూర్చోబెట్టుకున్నాడు. సార్ తెలుగులో చెప్పేవాడు, అక్క ఆగిపోయిన చోట నేను కువిలో చెప్పేవాణ్ని. అక్కకి లైసెన్సు వచ్చింది. హాస్టల్‌కి స్వీట్లు పట్టుకొచ్చింది.

రూలు అడిగేది ప్రాంతీయ భాష. మన ఊళ్లలో పెద్దవాళ్లకి, ఆడవాళ్లకి ఆ భాష సగమే అందుతుంది. కువి, ఆదివాసీ ఒరియా వచ్చినవాడు ఆ పక్క సీట్లో ఉంటే ఎంత తేడానో నేను కళ్లారా చూశాను. కానీ ఆ సీటు నాకు అయిదేళ్లు నిండాకే, సర్టిఫికెట్ ఉంటేనే.

లెక్కేసుకున్నాను. వచ్చే ఏడు డిగ్రీ అయిపోతుంది. ఆ తర్వాత ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికిల్ రెండేళ్లు. అప్పటికి లైసెన్సుకి కూడా అయిదేళ్లు నిండుతాయి. సంక్రాంతికి ఇంటికెళ్లి చెబితే మా అయ్య చాలాసేపు మాట్లాడలేదు. "డిగ్రీ చదివి మళ్లీ ఐటీఐకి ఎళ్తావేటిరా, ఎనక్కి నడుస్తావా" అన్నాడు. బాబాయి అరుగు మీద కాలు చాపుకుని కూర్చుని వింటున్నాడు. "ఎళ్లనీ అన్నా" అన్నాడు, అంతే.

అయ్య ఇంకా ఒప్పుకోలేదు. రెండేళ్లు ఎక్కడుంటావు, ఏం తింటావు అని అడుగుతున్నాడు, నా దగ్గర జవాబు లేదు. పాడేరు, అరకు వైపు ఐటీఐలో ఈ ట్రేడ్ చదివిన అన్నలు ఈ గ్రూపులో ఉంటే చెప్పండి. డిగ్రీ అయినోడికి హాస్టల్ సీటు ఇస్తారా? మెస్ ఎలా ఉంటుంది?