వెనక సీట్లోంచి స్టర్జిస్

“ఈ వయసులో మోటార్ సైకిల్ మీద సౌత్ డకోటానా? కారుకేమొచ్చింది?”

ఉగాది పొట్లక్‌లో మొదలైన ఈ ప్రశ్న ఆగస్టు దాకా మమ్మల్ని వదల్లేదు. జవాబు చెప్పాల్సింది మా వారు. కానీ అందరూ నన్నే అడిగేవారు. ఆయన మాత్రం పక్కన నిలబడి ఏమీ ఎరగనట్టు గులాబ్ జామ్ తింటూ ఉండేవారు.

అసలు సంగతేమిటంటే, మోటార్ సైకిలంటే నాకు పడదు. 1991లో మా అన్నయ్య రాజమండ్రిలో యెజ్డీ బండి మీద వెళ్తూ, లారీ తగిలి పోయాడు. అప్పటికి అన్నయ్యకి ఇరవై నాలుగేళ్ళు, నాకు పందొమ్మిది. ఆ తర్వాత మా ఇంట్లోకి రెండు చక్రాల బండి అన్నది రాలేదు. నాకు పెళ్ళిచూపులైనప్పుడు మా నాన్నగారు అబ్బాయి ఉద్యోగం గురించి కన్నా ముందు, “బండి ఉందా?” అని అడిగారు. మా వారికి విజయవాడలో బుల్లెట్ ఉండేది. దాన్ని అమ్మేసి 1996లో నన్ను చేసుకున్నారు. ఆ బుల్లెట్ ఊసు మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. మిన్నెసోటా వచ్చాక వేసవిలో ఫ్రీవే మీద బళ్ళు బారులు తీరి వెళ్తుంటే, కారులోంచి చూసి రేడియో కొంచెం పెంచేవారు, అంతే.

2022లో మా అబ్బాయి కాలేజీకి వెళ్ళిపోయాడు. ఆ మరుసటి వేసవిలో మా వారు నాతో చెప్పకుండా కమ్యూనిటీ కాలేజీలో మోటార్ సైకిల్ ట్రైనింగ్ క్లాసుకి వెళ్ళి, లైసెన్స్ మీద ముద్ర వేయించుకుని వచ్చారు. వారం రోజులు మాట్లాడలేదు నేను. తర్వాత గరాజ్‌లోకి ఒక సెకండ్ హాండ్ హోండా గోల్డ్ వింగ్ వచ్చింది. 1800 సీసీ, తొమ్మిది వందల పౌండ్ల బరువు. వెనక సీటు మా ఇంట్లో సోఫా కన్నా మెత్తన. రివర్స్ గేరు కూడా ఉందండోయ్!

“స్టర్జిస్ ఒక్కసారి చూసి రావాలి. నేనొక్కణ్ణే వెళ్ళొస్తాలే,” అన్నారు.

ఇంట్లో కూర్చుని గుమ్మం వైపు చూడటం ఒకసారి చేశాను. రెండోసారి నా వల్ల కాదు. అందుకని నేనూ వస్తానన్నాను, మూడు షరతుల మీద. చీకటి పడ్డాక బండి నడపకూడదు. వానలో ఆగిపోవాలి. హెల్మెట్ మాత్రం, బ్రహ్మదేవుడు దిగి వచ్చి తియ్యమన్నా తియ్యకూడదు.

అలా 2024 ఆగస్టు మొదటి శనివారం పొద్దున్నే బయల్దేరాం. పోను ఆరు వందల మైళ్ళ పైచిలుకు. బండికి పక్కన రెండు పెట్టెలు, వెనక ఒకటి. అందులోనే బట్టలు, రెయిన్ కోట్లు, పులిహోర, చపాతీలు, మాగాయ సీసా. మాగాయ తీసుకెళ్ళడం తప్పని రెండో రోజు తెలిసింది. ఆ ఎండకి మూత వదులై నూనంతా ఆయన రెయిన్ కోటుకి పట్టింది. సౌత్ డకోటాలో మా వారి రాక అరమైలు ముందే తెలిసిపోయేది.

మొదటి రోజు మజిలీ మిచెల్. ఊళ్ళో గోడలన్నీ మొక్కజొన్న కండెలతో బొమ్మలు తీర్చిన కార్న్ పాలెస్ చూసి పడుకున్నాం. రెండో రోజు పొద్దున్న చాంబర్లేన్ దగ్గర మిస్సోరీ నది వచ్చింది. ఒడ్డున గట్టు మీద ‘డిగ్నిటీ’ అని 2016లో నిలబెట్టిన యాభై అడుగుల లోహ విగ్రహం, ఒక లకోటా స్త్రీ, రెండు చేతులా బొంత పట్టుకుని వీపు వెనక పరిచినట్టు నిలబడి ఉంది. గోదావరి గట్టు మీద పెరిగినదాన్ని కదా, పెద్ద నది కనిపిస్తే నాకు కాసేపు ఆగాలనిపిస్తుంది. ఆగాం.

నది దాటాక ఇక గడ్డి మైదానమే. ఆకాశం, గడ్డి, గాలి. ఆ గాలి గురించి ఎవరూ ముందు చెప్పలేదు. పక్క నుంచి వచ్చి తొమ్మిది వందల పౌండ్ల బండిని కూడా భుజంతో తోసినట్టు తోస్తుంది. స్పీడ్ లిమిట్ 80. మేం 65లో వెళ్తుంటే మమ్మల్ని దాటిపోయే వాళ్ళంతా ఎడమ చెయ్యి కిందికి చాచి రెండు వేళ్ళు చూపించేవాళ్ళు. అది బండివాళ్ళ నమస్కారమట. మా వారు తిరిగి చూపిస్తుంటే నేను, “రెండు చేతులూ హాండిల్ మీద పెట్టండి!” అని ఇంటర్‌కమ్‌లో అరిచేదాన్ని.

దారి పొడుగునా ‘వాల్ డ్రగ్’ బోర్డులు. 1931లో హస్టెడ్ దంపతులు వాల్ అనే చిన్న ఊళ్ళో మందుల షాపు కొన్నారు. గిరాకీ లేదు. రోడ్డు మీద ఎండలో పోయే వాళ్ళకి ఐస్ నీళ్ళు ఉచితం అని బోర్డులు పెడదామని 1936లో భార్య డొరొతీకి తోచింది. ఆ నీళ్ళతోనే ఆ షాపు ఇవాళ ఒక బజారంత అయింది. మేమూ తాగాం. కాఫీ అయిదు సెంట్లు. మన చలివేంద్రం ఆలోచనకి డాలర్లు కాశాయన్నమాట!

ఇక స్టర్జిస్. ఏడు వేల జనాభా ఉన్న ఊరు. ఆగస్టులో పది రోజులు ఆ ఊరికి నాలుగు లక్షలకు పైగా బళ్ళు వస్తాయి. 2015లో డెబ్భై అయిదో పండగకి ఏడు లక్షలు దాటారని లెక్క. మొదలు మాత్రం చాలా చిన్నది. 1938లో ఇండియన్ మోటార్ సైకిళ్ళు అమ్ముకునే క్లారెన్స్ ‘ప్యాపీ’ హోయెల్, తన క్లబ్బు వాళ్ళతో ఒక రేసు పెట్టాడు. పాల్గొన్నది తొమ్మిది మంది. వచ్చిన వాళ్ళకి భార్య పెర్ల్ ఇంటి పెరట్లోనే వండి పెట్టింది. యుద్ధం రోజుల్లో పెట్రోలు రేషన్ వల్ల 1942లో ఆగింది గానీ, తర్వాత కొనసాగుతూ వచ్చింది. చరిత్రలో ప్యాపీ పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది. నాకు మాత్రం పెరట్లో వంట చేసిన ఆవిడే గుర్తుండిపోయింది. సంఘం పిక్నిక్‌లకి వండిన వాళ్ళకి ఎందుకో చెప్పనక్కర్లేదు.

మెయిన్ స్ట్రీట్‌లోకి ర్యాలీ రోజుల్లో కార్లని రానివ్వరు. రెండు వైపులా ఒక్కో వరస, నడి మధ్యన రెండు వరసలు, చూసినంత మేర బళ్ళే. ఎండకి తారు మెత్తబడి స్టాండు దిగబడకుండా కింద ఒక చిన్న పలక పెడతారు. చప్పుడు చెవులతో కాదు, పక్కటెముకలతో వినాల్సిందే. తోలు జాకెట్లు, పచ్చబొట్లు, బొడ్డు దాకా గడ్డాలు చూసి మొదట జంకాను. పది నిమిషాల్లో అర్థమైంది, సగం మందికి మా వారికన్నా ఎక్కువ వయసు, మోకాళ్ళ నొప్పులు. దారివ్వమంటే “యెస్ మామ్” అని తప్పుకుంటారు. వేల హార్లీల మధ్య మా హోండా, సంగీత కచేరీకి వచ్చిన స్కూల్ మాస్టారిలా బుద్ధిగా ఉంది.

అక్కడే మా గొడవ జరిగింది. సౌత్ డకోటాలో పద్ధెనిమిదేళ్ళు నిండిన వాళ్ళకి హెల్మెట్ తప్పనిసరి కాదు. మెయిన్ స్ట్రీట్‌లో హెల్మెట్ పెట్టుకున్న వాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

“ఈ నాలుగు వీధులూ హెల్మెట్ లేకుండా ఒక్క చుట్టు. అయిదు మైళ్ళ స్పీడు కూడా ఉండదు. ఒక్కసారి,” అన్నారు.

నేను బండి దిగాను.

“మీరు వెళ్ళి రండి. నేనిక్కడ నించుంటాను.”

“పదినిమిషాల్లో వచ్చేస్తాను కదోయ్.”

పదినిమిషాలు అన్న మాట ఆయనకి తెలిసి అన్నది కాదు. కానీ నాకు కాళ్ళలో సత్తువ పోయింది. ఆయన వెళ్ళారు. నిమ్మరసం అమ్మే బండి పక్కన నిలబడి, చెప్పొద్దూ, వచ్చే పోయే ప్రతి బండినీ లెక్కపెట్టాను. నూట నలభయ్యో ఎంతో దగ్గర గోల్డ్ వింగ్ కనిపించింది. ఆయన తల మీద హెల్మెట్ ఉంది.

“ఏం, తియ్యలేదా?”

“ట్రాఫిక్ కదలందే. తీసేం లాభం,” అన్నారు. తీసి మళ్ళీ పెట్టుకున్నారో, అసలు తియ్యలేదో నేను అడగలేదు. ఆ సాయంత్రం మేం దిగిన స్పియర్‌ఫిష్ మోటెల్ దాకా ఇంటర్‌కమ్‌లో ఇద్దరం మాట్లాడుకోలేదు.

మర్నాడు బండెక్కే ముందు, “కొండెక్కుదాం,” అన్నాను. స్టర్జిస్‌కి ఆరు మైళ్ళ దూరంలో బేర్ బ్యూట్ ఉంది. లకోటా వాళ్ళ మాతో పాహా, అంటే ఎలుగుబంటి కొండ. కింద నుంచి ఉబికి వచ్చిన లావా పైకి చిమ్మకుండానే లోపలే గడ్డకట్టి కొండైంది. మైదానం మీద పన్నెండు వందల అడుగులు లేచి ఒంటరిగా ఉంటుంది. లకోటాలకీ షయాన్‌లకీ ఇది గుడి. చెట్ల కొమ్మలకి ఎర్రవి, పసుపువి, తెల్లవి గుడ్డ పీలికలు కట్టి ఉన్నాయి. ముట్టుకోకండి, ఫొటోలు తియ్యకండి అంటారు. మన ఊళ్ళలో వేపచెట్టుకి కట్టిన ముడుపులే గుర్తొచ్చాయి. 1868 ఒప్పందంలో ఈ బ్లాక్ హిల్స్ అన్నీ వాళ్ళవే. బంగారం బయటపడ్డాక 1877లో లాక్కున్నారు. 1980లో సుప్రీం కోర్టు అది అన్యాయమే అని పదికోట్ల డాలర్ల పైగా పరిహారం ఇమ్మంది. మాకు డబ్బు కాదు, కొండలు కావాలని వాళ్ళు ఇవాళ్టికీ ఆ డబ్బు ముట్టలేదు. పైకి వెళ్ళినా ర్యాలీ హోరు వినిపిస్తూనే ఉంది. ప్రార్థన చేసుకునే వాళ్ళు ఆ చప్పుడు మీద ఏళ్ళ తరబడి అభ్యంతరం చెబుతున్నారు. ఆ చప్పుడులో మా వంతు కూడా ఉందని నాకు కొంచెం సిగ్గేసింది.

అక్కడ బండ మీద కూర్చుని, ఇరవై ఎనిమిదేళ్ళుగా చెప్పనిది ఆయనకి చెప్పాను. అన్నయ్య స్నేహితుడి పని మీద వెళ్ళాడని మా ఇంట్లో అందరం చెప్పుకుంటాం. అది నిజం కాదు. నాకు జ్వరం. నా డిగ్రీ పరీక్ష హాల్ టికెట్ తేవడానికి కాలేజీకి వెళ్ళాడు. మేకుకి తగిలించిన హెల్మెట్ నేనే తీసి ఇచ్చాను. “ఎండకి ఉడికిపోతానే. పదినిమిషాల్లో వచ్చేస్తాను కదా,” అన్నాడు. సరేలే అని హెల్మెట్ మళ్ళీ మేకుకి తగిలించాను.

మా వారు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత లేచి నీళ్ళ సీసా ఇచ్చి, “దిగుదామా, ఎండెక్కుతోంది,” అన్నారు. దిగుతున్నంతసేపూ ఆయన నా చెయ్యి పట్టుకునే ఉన్నారు. దారి జారుడుగా ఉందని నేననుకున్నాను.

ఆ సాయంత్రం మోటెల్ ముందు బండి తుడుస్తుంటే, పక్క గది ఆవిడ పలకరించింది. డెబ్భై ఏళ్ళుంటాయి. నలభై ఏళ్ళు భర్త వెనక కూర్చుని, ఇప్పుడు తనే మూడు చక్రాల బండి నడుపుకుంటూ నెబ్రాస్కా నుంచి వచ్చింది. మేం రావడం చూసిందట.

“మలుపులో నువ్వు ఎటు వంగుతున్నావు?” అని అడిగింది.

వంగడమా! భయమేసి రెండో వైపుకి బిగుసుకుంటాను. “నువ్వు వంగకపోతే బండి తిరగదు,” అని మా వారు నెల రోజులుగా మొత్తుకుంటున్నారు.

“వంగకు. మలుపు ఎటో, ఆ వైపు ఆయన భుజం మీంచి ముందుకి చూడు. మిగతాది ఒళ్ళే చూసుకుంటుంది. నువ్వు ఎదురు బిగిస్తే పాపం ఆయన రోడ్డుతోనూ నీతోనూ కుస్తీ పట్టాలి,” అంది.

మర్నాడు ఐరన్ మౌంటెన్ రోడ్. పదిహేడు మైళ్ళు, 314 మలుపులు. సెనేటర్ పీటర్ నార్బెక్ పట్టుబట్టి వేయించిన దారి. త్వరగా పోవడానికి వేసింది కాదు. మూడు సొరంగాలున్నాయి, వాటిలోంచి చూస్తే మౌంట్ రష్‌మోర్ మీది అధ్యక్షుల మొహాలు ఫ్రేము కట్టినట్టు కనిపిస్తాయి. రోడ్డు తన మీంచి తనే చుట్ట చుట్టుకుని ఎక్కే చెక్క వంతెనలు కూడా ఉన్నాయి. పంది తోకలని వాటి పేరు. మొదటి ఇరవై మలుపులూ కళ్ళు మూసుకున్నాను. ఇరవై ఒకటో దానికి ఆయన కుడి భుజం మీంచి చూశాను. బండి దానంతట అది ఒరిగి, వెన్నలో కత్తి దిగినట్టు తిరిగింది. ఎడమ భుజం, మళ్ళీ కుడి. ఎక్కడో నూరో మలుపు దగ్గర ఇంటర్‌కమ్‌లో ఆయన గొంతు వినిపించింది.

“ఏం చేస్తున్నావు?”

“ఏమీ చెయ్యట్లేదు. ఏం?”

“బండి తేలిగ్గా ఉంది.”

ఎదురుగా ఒక బండి వచ్చింది. ఆయన రెండు చేతులూ హాండిల్ మీదే ఉన్నాయి. నేను ఎడమ చెయ్యి కిందికి చాచి రెండు వేళ్ళు చూపించాను.

ప్రమాదాలు లేవని చెప్పను. ప్రతి ఏడూ ఆ పది రోజుల్లో కొందరు ప్రాణాలు పోగొట్టుకుంటారు. తిరిగి వచ్చేటప్పుడు రోడ్డు పక్కన అంబులెన్స్ లైట్లు మేమూ చూశాం. చూసి, తర్వాతి ఎగ్జిట్‌లో దిగి అరగంట కూర్చున్నాం. వెళ్ళాలనుకునే వాళ్ళు గది ముందే చూసుకోండి, రేట్లు కొండెక్కి కూర్చుంటాయి. శాకాహారులైతే చపాతీలు పట్టుకెళ్ళండి. మాగాయ వద్దు.

ఇంటికొచ్చాక రాజమండ్రిలో అమ్మకి ఫోన్ చేశాను. కారులో వెళ్ళామనే చెప్పి ఉంచాను. కానీ మా అబ్బాయి వాట్సాప్‌లో అమ్మమ్మకి ఫొటో పంపేశాడు. గోల్డ్ వింగ్ మీద మేమిద్దరం, నెత్తిన ఇంతింత హెల్మెట్లతో, చెమటలు కక్కుతూ.

అమ్మ ఆ ఫొటో మాట ఎత్తి, కాసేపు ఊరుకుంది. లైను తెగిందేమో అనుకున్నాను.

“ఎండకి ఉడికిపోలేదుటే?” అంది.

“ఉడికిపోయామమ్మా,” అన్నాను.