మా యమ్మమ్మగారి పింగాణి బొమ్మ

గత సంవత్సరము మన పాఠశాలలో జరిగిన వస్తుప్రదర్శనమును చూచినవారికి, కిటికీ ప్రక్క బల్లపై నుంచిన యొక చిన్న బొమ్మ జ్ఞాపకముండవచ్చును. "మిస్ నైటింగేల్ ప్రతిమ. ఇంగ్లండు పింగాణి. 1855" అని దాని ముందొక చీటి యుండెను. ఆ చీటి వ్రాసినవాడను నేనే. అందలి తప్పులను గూర్చియే యీ వ్యాసము.

బొమ్మ మా యమ్మమ్మగారిది. ఆమె నర్సుగా పనిచేసిన ఆసుపత్రిలోని యొక దొరసానిగారు 1968లో స్వదేశమునకు మరలిపోవుచు దానిని ఆమె చేతికిచ్చిరట. జానెడు ఎత్తు, నిలుచున్న స్త్రీ, ఆమె ప్రక్క చేతికి కట్టుతో నొక సైనికుడు, పీఠముపై ఉబ్బెత్తు అక్షరములలో పేరు. "నూఱేండ్ల నాటిదని దొరసానిగారే చెప్పిరి" అని యమ్మమ్మగారనిరి. క్రిమియా యుద్ధకాలమున ఫ్లారెన్సు నైటింగేలు గారు స్కుటారి ఆసుపత్రికి చేరినది 1854 నవంబరులో గనుక, నేను 1855 అని వేసితిని.

ప్రదర్శనమునాడు ఎనిమిదవ తరగతి బాలుడొకడు, "అయ్యా, 1855 అని యెట్లు తెలిసినది?" అని యడిగెను. ఏదో చెప్పి తప్పించుకొంటిని గాని, ఆ ప్రశ్న నన్ను విడువలేదు.

సెలవులలో పుస్తకములు తిరుగవేయగా మొదట తెలిసినది, ఇది పింగాణియే కాదని. నిజమైన పింగాణిని దీపమున కెదురుగా పట్టినచో పలుచనిచోట్ల వెలుతురు కానవచ్చును. ఇంగ్లండులోని స్టాఫర్డ్‌షైరు కుమ్మరులు చేసిన యిట్టి బొమ్మలు తెల్లని మెఱుగుపూత పూసిన మట్టివి. ఆవకాయ జాడీని సైతము పింగాణి యనుకొను మనకిది పెద్ద తప్పుగా తోచదు, పోనిండు.

ఆ కుమ్మరులు రాణులను, సేనానులను, నటులను, బోధకులను, తుదకు హంతకులను గూడ బొమ్మలుగా చేసి యమ్మిరి. వారిలో ననేకులు ఆ ముఖములను చూచినవారు కారు. 1842లో మొదలైన ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్ వంటి పత్రికలలోని చిత్రములే వారికాధారము. నైటింగేలు గారికి తన రూపము ప్రచారమగుట యిష్టము లేదు. 1856లో మిస్ స్మిత్ అను మాఱుపేరుతో నింటికి మరలిరి. ఇక పోలిక యెక్కడిది? అంతకు పూర్వమే బెంజమిన్ ఫ్రాంక్లిన్ బొమ్మ పీఠముపై వాషింగ్టన్ పేరు వ్రాసి యమ్మిన ఘనులు వారు. అట్టివి మ్యూజియములలో నేటికిని కలవు.

ఇక కాలనిర్ణయము. నాటి పనివారు మట్టిపలకలను రెండు అచ్చులలో వ్రేళ్లతో నొత్తి, వానిని కలిపి యతికెడివారు. ఆవములో కాల్చునపుడు లోపలి గాలి వెలువడుటకు పెసరగింజంత రంధ్రము విడిచెడివారు. తరువాతి నకళ్లలో ననేకము, నీళ్లవలె పలుచన చేసిన మట్టిని అచ్చులో పోసి, గోడ కంటినంత విడిచి మిగిలినది వంచివేయగా నేర్పడినవి; వానికి అడుగున పెద్ద రంధ్రముండును, బరువు తక్కువ. పాత బంగారుపూత మెత్తగా వెలుగును. 19వ శతాబ్ది చివర వాడుకకు వచ్చినది ఇత్తడివలె తళతళలాడును. అచ్చును మాత్రము నమ్మరాదు. బర్స్లెమ్‌లోని కెంట్ వారి కర్మశాలలో పాత తరహా బొమ్మలు 1962 వఱకు తయారైనవి.

మా బొమ్మను బోర్లించి చూచితిని. రూపాయి బిళ్ళంత రంధ్రము! లోపల వ్రేలిగుర్తు ఒక్కటియు లేదు. బంగారము కండ్లు మిఱుమిట్లు గొలుపుచున్నది. ఇది యిరువదవ శతాబ్దపు నకలే.

ఎనుబదియెనిమిదేండ్ల వృద్ధురాలికి ఈ మాట యెట్లు చెప్పుదును? రెండు వారములు జాగు చేసి, ఒక సాయంకాలము చెప్పివేసితిని. ఆమె బొమ్మను చేతికి తీసికొని, కండ్లజోడు సవరించుకొనిరి.

"ఏనాటిదో నాకు తెలియదు గాని, ఈ ముఖము ఆమెది కాదని యెప్పుడో తెలుసును, అబ్బాయీ. మా నర్సుల హాలులో ఆమె ఫోటో యుండెడిది. ప్రతిదినము దాని క్రిందనే నిలిచి హాజరు పలికెడివారము."

"మఱి యిన్నాళ్లు చెప్పరైతిరేమి?"

"నీవడిగితివా?"

క్రొత్త చీటి వ్రాసి యామెకు చదివి వినిపించితిని: "మిస్ నైటింగేల్ పేరు గల మట్టిబొమ్మ. స్టాఫర్డ్‌షైరు పద్ధతి. ఇరువదవ శతాబ్దపు నకలు. 1968లో బహుమానముగా లభించినది."

ఆమె తల యూపి, "పేరు ప్రక్కన గారు ఏది?" అనిరి. చీటి మరల వ్రాసితిని.