గేటు డబ్బులు ఎవరివి?

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్ళు ఫోన్ చేసినప్పుడు, నేను చదువు గురించో క్రమశిక్షణ గురించో రాస్తానని అనుకొని ఉంటారు. వాటి గురించి రాసే పెద్దలు ఈ సంచికలో ఎలాగూ ఉంటారు. నేను కబడ్డీ డబ్బుల గురించి రాస్తాను. పోయిన జనవరి 26 పోటీలయ్యాక మీలో కొందరు నన్ను ఒక మాట అడిగారు. "అన్నా, మన సీనియర్లు చందాలేసి తెచ్చిన దుడ్లు పక్క హాస్టళ్ళోళ్ళకు ఏంటికియ్యాల? గెలిచింది మనం కదా?" అన్నారు. కర్నూలు బస్సుకు టైమైపోతోందని ఆ రోజు నిలబడి చెప్పడానికి కుదరలేదు.

తమ్ముళ్ళూ, మీరు అడిగింది చిన్న ప్రశ్న కాదు. వేల కోట్ల రూపాయల జట్లు నడిపేవాళ్ళు కూడా దీని మీదే కొట్లాడుకుంటున్నారు. సొంత ఊళ్ళో సంపాదించిన డబ్బును బలమైన జట్టు బలహీనమైన జట్టుతో పంచుకోవాలా, అక్కర్లేదా? పంచుకోవాలనే నేనంటాను. అయితే ఊరికే కాదు, కొన్ని షరతుల మీద.

నేను మన హాస్టల్లో చేరింది 2005లో, ఆరో తరగతిలో. ఎనిమిదికి వచ్చేసరికి కబడ్డీ జట్టులో ఎడమ కార్నర్ నాది. అప్పుడు మన చుట్టుపక్కల ఒక పెద్ద ఊళ్ళో తిరునాళ్ళకు కబడ్డీ పోటీలు పెట్టేవాళ్ళు. ఊరి పేరు ఇక్కడ అవసరం లేదు. ఎంట్రీ ఫీజు జట్టుకు 200 రూపాయలు. ఆ 200 పోగు చేయడానికి మేం పది మందిమి నెల రోజుల నుంచి సబ్బుల డబ్బులు దాచుకునేవాళ్ళం. అంగళ్ళ వేలంలో వచ్చిన డబ్బు, ఊరి చందాలు, కుర్చీల టికెట్లు అన్నీ ఆ ఊరి కమిటీకే చేరేవి. ఆ డబ్బుతో వాళ్ళ జట్టుకు బనియన్లు, బూట్లు కొనేవాళ్ళు. అది చాలక కర్నూలు నుంచి ఇద్దరు మంచి కూతగాళ్ళను డబ్బులిచ్చి పిలిపించుకునేవాళ్ళు. మేం కట్టిన ఎంట్రీ ఫీజులన్నీ కలిపితే మొదటి బహుమతి అయ్యేది. ఆ బహుమతి ప్రతి సంవత్సరమూ ఆ ఊరి జట్టే గెలుచుకునేది. అంటే ఓడిపోయే జట్లన్నీ కలిసి గెలిచే జట్టుకు జీతం ఇచ్చినట్టు. (మాకు తాగడానికి నీళ్ళు వేరే బిందెలో పెట్టిన సంగతి ఇక్కడ రాయను. అది వేరే వ్యాసం.)

మొదటి సంవత్సరం మేం వెళ్ళినప్పుడు 14 జట్లు వచ్చాయి. తర్వాతి సంవత్సరం తొమ్మిది. ఆ పైన నాలుగు. బస్సు ఛార్జీలు పెట్టుకొని, అన్నం మూటలు కట్టుకొని వెళ్ళి, మొదటి ఆటలోనే ఓడి రావడానికి ఎవరికి మాత్రం సరదా? నాలుగు జట్ల పోటీని చూడ్డానికి జనం రాలేదు. జనం లేకపోతే కుర్చీల టికెట్లు ఎవరు కొంటారు? ఆ మరుసటి ఏడు తిరునాళ్ళలో బండలాగుడు మాత్రమే మిగిలింది, కబడ్డీ లేదు. అంత ఖర్చు పెట్టి తయారు చేసుకున్న జట్టుతో ఆడేవాళ్ళు లేక, ఆ ఊరి కుర్రవాళ్ళు కూడా బూట్లు విప్పేశారు. అప్పట్లో నాకు కొంచెం సంతోషం వేసిన మాట నిజమే. కానీ ఆ నేల మీద ఆడే అవకాశం మాకూ పోయింది కదా.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 2008లో, ఐపీఎల్ మొదలైంది. అది వేసవి సెలవుల్లో వచ్చేది కాబట్టి హాస్టల్ టీవీలో చూసే యోగం లేదు. ఊళ్ళో టీవీ ఉన్న ఇంటి అరుగు మీద చూశాం. ముంబయి జట్టును 11.19 కోట్ల డాలర్లకు కొన్నారు. మన హైదరాబాద్ డెక్కన్ ఛార్జర్స్ 10.7 కోట్ల డాలర్లు. అన్నింటికంటే చవక రాజస్థాన్, 6.7 కోట్ల డాలర్లు. మొదటి ఏడాది కప్పు కొట్టింది ఆ చవక జట్టే. మన డెక్కన్ ఛార్జర్స్ అట్టడుగున నిలిచింది. మరుసటి ఏడాది, 2009లో, దక్షిణాఫ్రికాలో అదే డెక్కన్ ఛార్జర్స్ కప్పు తెచ్చింది. ఎలా సాధ్యమైంది? ఆటగాళ్ళ వేలంలో ఏ జట్టయినా మొదటి ఏడాది 50 లక్షల డాలర్లకు మించి ఖర్చు పెట్టకూడదని గీత గీశారు. టీవీ హక్కుల డబ్బు విడివిడిగా అమ్ముకోకుండా ఒకే కుండలో పోసి పంచారు. ధనవంతుల జట్టూ పేద జట్టూ వేలంలో ఒకే మెట్టు మీద నిలబడ్డాయి.

ఆ కుండ ఇప్పుడెంత పెద్దదయిందో చూడండి. 2023 నుంచి 2027 వరకు ఐదేళ్ళ ప్రసార హక్కులు 48,390 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయాయి. ఒక్కో మ్యాచ్‌కు దాదాపు 118 కోట్లు. అందులో జట్లకు వచ్చే వాటా దాదాపు సమానంగా పంచుతారు. కానీ ఉప్పల్ స్టేడియంలో టికెట్లు కొన్న డబ్బు మాత్రం హైదరాబాద్ జట్టుకే, చెన్నైలో కొన్నది చెన్నైకే. ఈ గేటు డబ్బు గురించి ఇక్కడ పెద్దగా గొడవ లేదు. ఎందుకంటే టీవీ డబ్బు ముందు అది చిన్నది. టీవీ డబ్బు తగ్గిన రోజు ఆ గొడవ తప్పకుండా వస్తుంది.

మన హాస్టల్లోనే చదివి ఇప్పుడు నంద్యాలలో విత్తనాల వ్యాపారం చేస్తున్న నా స్నేహితుడు ఒకడున్నాడు. వాడు నాతో ఒప్పుకోడు. "నా అంగట్లో అమ్ముడుపోయిన దానిలో పక్క అంగడివాడికి వాటా ఇస్తానా? పదో తరగతిలో నాకొచ్చిన మార్కులు నీకు పంచానా?" అంటాడు. (నిజానికి వాడి లెక్కల పేపరు చూసి నలుగురు పాసయ్యారు, ఆ సంగతి వదిలేద్దాం.) నా జవాబు ఇది. పక్క అంగడి మూతపడితే నీ బేరం పెరుగుతుంది. పక్క జట్టు మూతపడితే నీకు ఆటే లేదు. మార్కులు ఒక్కడివే తెచ్చుకోవచ్చు. కబడ్డీలో కూతకెళ్ళాలంటే అవతలి గీత వెనుక ఏడుగురు ఉండాలి.

ఇదే మాటను 1964లో వాల్టర్ నీల్ అనే అమెరికా ఆర్థిక శాస్త్రవేత్త బాక్సింగ్ ఉదాహరణతో రాశాడు. జో లూయీ అనే నల్లజాతి బాక్సర్ తెలుసు కదా. 1936లో జర్మనీకి చెందిన మాక్స్ ష్మెలింగ్ చేతిలో ఓడిపోయాడు. 1938లో న్యూయార్క్‌లో మళ్ళీ తలపడి మొదటి రౌండులోనే ష్మెలింగ్‌ను పడగొట్టాడు. ఆ పోటీ కోసం ప్రపంచమంతా రేడియోల ముందు కూర్చుంది. ష్మెలింగ్ లాంటి గట్టివాడు లేకపోతే లూయీ ఎవరితో కొట్లాడి సంపాదిస్తాడని నీల్ అడుగుతాడు. గేటు దగ్గర డబ్బు ఇచ్చి లోపలికి వచ్చినవాడు ఒక జట్టును చూడ్డానికి రాలేదు, రెండు జట్ల మధ్య జరిగేదాన్ని చూడ్డానికి వచ్చాడు. అందుకే బయటి జట్టుకు ఇచ్చేదాన్ని నేను దానం అనను. అది వాళ్ళ కూలి.

అమెరికాలో వాళ్ళ ఫుట్‌బాల్‌కు, అంటే చేతులతో ఆడే ఫుట్‌బాల్‌కు, ఈ కూలి లెక్క స్పష్టంగా ఉంది. టీవీ డబ్బు కలిపి అమ్ముకోవడానికి 1961లో ప్రత్యేకంగా చట్టం చేశారు. దాన్ని జట్లన్నీ సమానంగా పంచుకుంటాయి. గేటు డబ్బులో కూడా 34 శాతం బయటి జట్ల వాటాగా పోతుంది. దీనివల్ల లాభపడింది ఎవరనుకున్నారు? గ్రీన్ బే అనే చిన్న ఊరు. జనాభా లక్ష పైచిలుకు, అంటే మన నంద్యాలలో దాదాపు సగం. ఆ జట్టుకు ఒక్క యజమాని అంటూ లేడు, వాటాలు కొన్న జనానిదే జట్టు. న్యూయార్క్, షికాగో లాంటి మహానగరాల మధ్య ఆ ఊరి జట్టు ఇప్పటికీ నిలబడి ఉంది. సూపర్ బౌల్ నాలుగుసార్లు గెలిచింది.

బేస్‌బాల్ కథ వేరు. అక్కడ కూడా పంచుతారు. ప్రతి జట్టూ తన స్థానిక ఆదాయంలో 48 శాతం కుండలో వేస్తే, 30 జట్లు సమానంగా తీసుకుంటాయి. కానీ ఆటగాళ్ళ మీద ఇంతకు మించి ఖర్చు పెట్టకూడదనే గీత లేదు, ఇంతకు తగ్గకూడదనే గీతా లేదు. ధనిక జట్లు పంచగా మిగిలిన దానితోనే కొండంత ఖర్చు పెడతాయి. కొన్ని చిన్న జట్లు వచ్చిన వాటాను జేబులో వేసుకొని కూర్చుంటాయి. పంచిన డబ్బును ఆట మీద ఖర్చు పెట్టలేదని 2018లో ఆటగాళ్ళ సంఘం నాలుగు జట్ల మీద ఫిర్యాదే చేసింది. ఈ విషయం చెప్పగానే నా నంద్యాల స్నేహితుడు తొడగొట్టాడు. "చూశావా, కూర్చోబెట్టి తిండి పెడితే ఎవడు పని చేస్తాడు?" అన్నాడు. ఈ ఒక్క చోట వాడి మాటలో నిజముంది. షరతు లేని పంపకం యజమానిని బలపరుస్తుంది, జట్టును కాదు.

ఇంకొక చేదు నిజం కూడా ఒప్పుకోవాలి. డబ్బు సమానం చేసినంత మాత్రాన ఆట సమానం కాదు. మన తెలుగు టైటాన్స్‌నే చూడండి. 2023లో ప్రో కబడ్డీ వేలంలో ప్రతి జట్టుకూ 5 కోట్లే పరిమితి. టైటాన్స్ అందులో 2 కోట్ల 60 లక్షల 50 వేలు పెట్టి పవన్ సెహ్రావత్ ఒక్కణ్ణే కొన్నారు. మిగతా జట్టంతా మిగిలిన సగంలో సర్దుకోవాలి. 22 మ్యాచ్‌లలో రెండే గెలిచి అట్టడుగున నిలిచారు, అదీ వరుసగా మూడోసారి. పవన్ తప్పేమీ లేదు, ఆయన కూత చూడాల్సిందే. కానీ కార్నర్‌లో పట్టు పట్టేవాడు లేకపోతే రైడర్ తెచ్చిన పాయింట్లు అటు నుంచి అటే పోతాయి. కార్నర్ ఆడినవాణ్ణి కాబట్టి ఈ మాట కొంచెం గట్టిగానే చెబుతున్నాను.

క్రికెట్ దేశాల మధ్య అయితే ఇంటి డబ్బు ఇంటికే. ఒక జట్టు ఇంకో దేశానికి టూర్ వెళితే అక్కడి టీవీ డబ్బు, గేటు డబ్బు ఆతిథ్యమిచ్చిన బోర్డువే. ఐసీసీ దగ్గర పంచే కుండ ఉంది గానీ, 2024 నుంచి 2027 వరకు అందులో 38.5 శాతం మన బోర్డుకే. అందరికంటే ఎక్కువ సంపాదించి పెట్టేది మనమే కాబట్టి మనకే ఎక్కువ రావాలని మనవాళ్ళ వాదన. భారతీయుడిగా నాకు గర్వంగా ఉండాలేమో. కానీ 2024 జనవరిలో బ్రిస్బేన్‌లో వెస్టిండీస్ ఆస్ట్రేలియాను 8 పరుగులతో ఓడించిన టెస్టు గుర్తు తెచ్చుకోండి. ఏడు వికెట్లు తీసిన షమార్ జోసెఫ్, గయానాలో పడవెక్కి వెళ్ళాల్సిన ఒక చిన్న పల్లె నుంచి వచ్చినవాడు. క్రికెట్లోకి రాకముందు సెక్యూరిటీ గార్డు పని చేశాడు. ఆ మ్యాచ్‌ను ప్రపంచమంతా మళ్ళీ మళ్ళీ చూసింది. డబ్బు మాత్రం ఆస్ట్రేలియా బోర్డుదే.

ఇక మన సంగతికి వద్దాం. పోయిన జనవరి పోటీలకు ఎనిమిది హాస్టళ్ళు వచ్చాయి. పూర్వ విద్యార్థులం పోగు చేసింది 86 వేలు. మన జట్టుకు బూట్లున్నాయి, మోకాళ్ళకు క్యాపులున్నాయి, సాయంత్రం వచ్చి నేర్పే సీనియర్లున్నారు. నల్లమల అంచు నుంచి వచ్చిన పిల్లలు ఒట్టి కాళ్ళతో ఆడారు. అయినా సెమీఫైనల్లో మన కూతగాణ్ణి గొలుసు కట్టి ఎలా పట్టారో మీరే చూశారు. ఆ రోజు గ్రౌండులో ఎక్కువ ఈలలు వినపడింది ఆ ఆటకే. ఫైనల్‌కు కాదు.

అందుకే మేం ఇలా అనుకున్నాం. వచ్చిన డబ్బులో మొదటి ఖర్చు బయటి జట్ల బస్సు ఛార్జీలు, భోజనాలు. ఎంట్రీ ఫీజు లేదు. మిగిలినదానిలో మూడో వంతు మిగతా ఏడు హాస్టళ్ళకు. నగదు ఇవ్వం. బూట్లు, బనియన్లు కొని ఇస్తాం. తీసుకున్న హాస్టల్లో వారానికి మూడు రోజులైనా సాధన జరగాలి. ఎవరెవరు వచ్చారో పుస్తకంలో రాయాలి. రెండేళ్ళు పుస్తకం ఖాళీగా ఉంటే ఆ వాటా ఇంకో హాస్టల్‌కు పోతుంది. మొదటి బహుమతి మాత్రం ఎప్పటిలా గెలిచినవాళ్ళకే. దాన్ని ఎవరూ పంచమనరు, గెలవాలన్న కోరిక చచ్చిపోతే ఇదంతా ఎందుకు?

మూడో వంతు ఎక్కువని నంద్యాల స్నేహితుడు ఇప్పటికీ గొడవపడుతున్నాడు, నాలుగో వంతు చాలంటాడు. సగం ఇవ్వాలని ఇంకో ఇద్దరు పట్టుబడుతున్నారు. డిసెంబరు మొదటి ఆదివారం మన హాస్టల్ వరండాలో కూర్చొని తేలుస్తాం. జట్టులో ఉన్న తమ్ముళ్ళు కూడా రావాలి. బూట్ల సైజులు తీసుకోవడానికి ఇద్దరు ముందే ఆ ఏడు హాస్టళ్ళకూ తిరిగి రావాలి. వాళ్ళ బస్సు ఛార్జీ నేనిస్తాను.