పచ్చోందికి తెలుగు పేరు

ఊసరవెల్లిని మీరెప్పుడైనా దగ్గరనుంచి చూశారా? తిట్టడానికి దాని పేరు వాడుకోవడమే తప్ప నేనూ చాలాకాలం చూడలేదు.

తిరువళ్ళూరు నుంచి రైలులో తిరుత్తణి దగ్గరి బడికి వెళ్ళివచ్చే తెలుగు ఉపాధ్యాయుణ్ణి నేను. ఈశాన్య ఋతుపవనాలు మొదలైన రోజులలో ఒక మధ్యాహ్నం ఆరవ తరగతి పిల్లవాడొకడు పరుగున వచ్చి, "సార్, పచ్చోందిని రాళ్ళతో కొడతా ఉండారు" అన్నాడు. వెళ్ళి చూస్తే కంచె పక్కన వేపచెట్టు కింద పడి ఉంది. వెనుక కాలికి దెబ్బ. ఒళ్ళు నల్లబడింది, కళ్ళు లోతుకు పోయాయి. కడుపు రెండువైపులా ఉబ్బి ఉంటే జబ్బేమో అనుకున్నాను.

తెలియక ఒక తప్పు చేశాను. అట్టపెట్టెలో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దానిని ఇంట్లో ఉంచుకోవడం నేరం. మీరు మాత్రం అలా చేయకండి. గిన్నెలో నీళ్ళు పెడితే ముట్టలేదు. ఆకు మీద చుక్కలు రాలిస్తే ఒక్కొక్కటే తాగింది. అర్ధరాత్రి నుంచి ముందు కాళ్ళతో పెట్టె అడుగును గీకుతూనే ఉంది. పారిపోవాలని చూస్తోందనుకున్నాను.

తెల్లవారి ఫోను చేస్తే, తెలిసిన పశువైద్యుడొకరు అది గుడ్లు పెట్టబోతోందని చెప్పారు. తవ్వుకోవడానికి తడిమట్టి దొరకకపోతే గుడ్లు కడుపులోనే నిలిచిపోయి తల్లి చనిపోతుందట. అటవీశాఖ వారిని అడిగితే, నడవగలుగుతున్నది కనుక దొరికిన చోటనే వదలమన్నారు. మొదటి రైలు ఎక్కాను.

పిల్లలు వేపచెట్టు కింద మట్టిని గుల్లచేసి సిద్ధంగా ఉంచారు. రాళ్ళు వేసినవారూ వారిలో ఉన్నారు. పట్టకారు వంటి కాళ్ళతో, ముందుకూ వెనక్కూ ఊగుతూ నడిచి అది మేము తవ్విన చోటు దాటిపోయింది. కంచె వారన తనకు నచ్చిన చోట తవ్వడం మొదలుపెట్టింది! సాయంకాలానికి గుంతలో వెనక్కు తిరిగి కూర్చుంది. పది నుంచి ముప్పై దాకా పెడుతుందంటారు; మేము దూరంగా నిలబడ్డాం కనుక లెక్క తెలియదు. చీకటిపడేలోగా మట్టి కప్పి పొదలోకి వెళ్ళిపోయింది. అది పొదగదు, నేల వెచ్చదనమే పొదుగుతుంది, నెలల తరబడి.

మరునాడు ఆ పిల్లవాడు అడిగాడు: "సార్, పచ్చోందిని తెలుగులో ఏమంటారు?"

"ఊసరవెల్లి."

"అది మీరు నన్ను తిట్టిన మాట గదా సార్."

తిట్టాను. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో చేరింది. 2006 చట్టంతో బడిలో తమిళం తప్పనిసరి అయింది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే బిడ్డ ఒకే వాక్యంలో రెండూ కలిపితే, రంగులు మారుస్తున్నావని తరగతిలో అందరి ముందూ అన్నాను. నిజానికి ఆ ప్రాణి మోసానికి రంగు మార్చదు. ఎండ, భయం, జబ్బు, ఎదుట మరొక ఊసరవెల్లి. వీటికి దాని ఒళ్ళు చెప్పే జవాబు అది. ఈ సంగతి ఆ రోజు పాఠం ఆపి చెప్పాను. నా తప్పూ ఒప్పుకున్నాను. వాడేమీ అనలేదు.

ఆ చోట ఎవరూ తొక్కకుండా ముళ్ళకంప వేసి, అట్టముక్క మీద రెండు లిపులలోనూ పేరు రాసి కట్టాడు. తెలుగు పేరులో మొదటి అక్షరానికి దీర్ఘం లేదు. నేనింకా దిద్దలేదు.