నోరు మూసుకున్న జీహెచ్

ఇంగ్లిషు నేర్చుకునే తెలుగు పిల్లలకు ఇరవై ఆరు అక్షరాలతో పెద్ద పేచీ ఏమీ ఉండదు. పేచీ అంతా వాటిలో ఓ, యూ, జీ, హెచ్ అనే నాలుగు జట్టు కట్టినప్పుడే వస్తుంది. ఆ జట్టుకు ముందు టీహెచ్ వస్తే ‘దో’, అయినా సరే అని అర్థం. మధ్యలో ఒక ఆర్ దూరితే ‘త్రూ’, గుండా. హెచ్చూ ఆరూ రెండూ పోయి టీ ఒక్కటే మిగిలితే ‘టఫ్’, గట్టిది. సీ పెడితే ‘కాఫ్’, దగ్గు. డీ పెడితే ‘డో’, పిండిముద్ద. బీ పెడితే ‘బౌ’, చెట్టుకొమ్మ. ఆ కొమ్మకు చివర ఒక టీ తగిలిస్తే ‘బాట్’, కొన్నాను. కొమ్మకీ కొనడానికీ సంబంధమేమిటని పిల్లాడు అడగడు. అప్పటికే వాడు అడగడం మానేసి ఉంటాడు.

ఇంతటితో అయిందా అంటే కాలేదు. ఎస్, ఎల్ కలిపి ఈ జట్టు ముందు పెట్టండి. ‘స్లౌ’ అంటే బురదగుంట. హీత్రూ విమానాశ్రయానికి దగ్గర్లో ఆ పేరుతో ఒక ఊరే ఉంది. అవే అక్షరాలు ‘స్లఫ్’ అయితే పాము కుబుసం విడవడం. లెస్టర్‌షైరులో ‘లఫ్‌బరా’ అనే ఊరుంది. ఆటల చదువుకు పేరుపడ్డ విశ్వవిద్యాలయం అక్కడిదే. ఆ ఒక్క పేరులోనే ఈ నాలుగక్షరాల జట్టు రెండుసార్లు వస్తుంది, రెండుసార్లూ రెండు రకాలుగా పలుకుతుంది. అయిర్లండు వెళ్తే అదే జట్టు చివర గొంతు గరగరలాడించి ‘లాఖ్’ అంటారు, అంటే సరస్సు.

ఇంగ్లిషువాళ్ళకు తలాతోకా లేదని తీర్పు చెప్పేసి, బట్టీ పట్టమనడం మనకు అలవాటు. ఆ తీర్పు నాకు నచ్చదు. ఆ గరగర దగ్గరే అసలు సంగతి ఉంది.

వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లిషులో ఈ మాటల్లో చాలావాటికి గొంతు లోపలినుంచి రాపాడుతూ వచ్చే ఒక ధ్వని ఉండేది. పాతబస్తీలో ఉర్దూ మాట్లాడేవాళ్ళు ఖైరతాబాద్ అంటున్నప్పుడు మొదటి అక్షరం వినండి, దాదాపు అదే. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలుచుకున్నాక, ఫ్రెంచి పద్ధతికి అలవాటుపడ్డ రాయసగాళ్ళ చేతుల్లో ఆ ధ్వనికి జీహెచ్ అనే జంట గుర్తుగా స్థిరపడింది. అంటే అప్పట్లో అది మూగ అక్షరం కాదు, నోరున్నదే. 1476లో విలియం కాక్స్‌టన్ వెస్ట్‌మినిస్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాడు. అక్కణ్ణించి స్పెల్లింగు మెల్లగా బిగిసిపోతూ వచ్చింది, జనం నోళ్ళు మాత్రం మారుతూనే పోయాయి. కొన్ని మాటల్లో ఆ గరగర ఆనవాలు లేకుండా పోయింది. కొన్నిట్లో పెదవుల దాకా జారి ‘ఫ్’ అయింది. పక్కనున్న అచ్చులు కూడా ఊరుకోక తలా ఒక దారి పట్టాయి. ఒక్కో యాసలో ఒక్కో తీరు, అన్నీ కలిసి ఒకే పుస్తకంలోకి వచ్చి పడ్డాయి.

కావాలంటే సాక్ష్యం ఉంది. స్కాట్లండు యాసలో రాత్రిని ఇప్పటికీ ‘నిఖ్ట్’ అంటారు. జర్మన్‌లో రాత్రి ‘నాఖ్ట్’, కూతురు ‘టోఖ్టర్’, నవ్వడం ‘లాఖెన్’. ఇంగ్లిషు నైట్, డాటర్, లాఫ్‌లలో జీహెచ్ ఎక్కడ కూర్చుని ఉందో, జర్మనువాడి గొంతు సరిగ్గా అక్కడే రాపాడుతుంది.

ఇంకొకటి గమనించండి. కొమ్మ, నాగలి, పిండిముద్ద, పశువుల తొట్టి, కరువు, దగ్గు, కూతురు, రాత్రి, వెలుతురు. జీహెచ్ ఉన్న ఇంగ్లిషు మాటల్లో ఎక్కువ పాలు ఇలా రైతింటి మాటలే. జస్టిస్, నేషన్, గవర్నమెంట్ లాంటి దర్బారు మాటలు ఫ్రెంచి నుంచి దిగాయి, వాటికి ఈ బాధ లేదు. ఆ గరగర పాత పల్లెజనానిది. మధ్యలో దొంగలు కూడా చేరారనుకోండి. ఆనందానికి వాడే ‘డిలైట్’లో పూర్వం జీహెచ్ లేదు, అది ఫ్రెంచి మాట. ‘లైట్’ను చూసి పెట్టుకుంది. ఎక్కిళ్ళకు వాడే ‘హికప్’ను కొందరు దగ్గుకు చుట్టమనుకుని చివర మన నాలుగక్షరాలూ తగిలించారు. ‘ఘీ’, ‘ఘాట్’ల మొదట్లో ఉన్న జీహెచ్ మాత్రం పూర్తిగా వేరే, అది మన ఘకారం.

ఇదంతా విని, మన తెలుగులో పలికిందే రాస్తాం అని మీసం తిప్పడానికి లేదు. చకారం ఒక్కటే, ‘చదువు’లో ఒకలా ‘చెరువు’లో ఇంకోలా పలుకుతాం. అదలా ఉంచండి, మన జీహెచ్ అరసున్న. పాత పుస్తకాల్లో అతను అనే అర్థంలో ‘వాఁడు’ అని అరసున్నతో ఉంటుంది, వాడిపోవడంలో వాడుకు ఉండదు. సంవత్సరం ‘ఏఁడు’, అంకె మాత్రం ఉత్త ఏడు. ఆ సున్నను పలికేవాళ్ళు లేక ఎన్ని తరాలయిందో! ఒకప్పుడు అక్కడ ముక్కుతో పలికే ధ్వని ఉండేది. ‘మూఁడు’లో మనకు పోయినది తమిళుల ‘మూన్ఱు’లో నిలిచింది. అంత దూరం కూడా వెళ్ళక్కర్లేదు. కోస్తాలో చాలామంది పదేళ్ళు అంటే, తెలంగాణలో పదేండ్లు అంటారు. వాళ్ళు అనేది రాయలసీమలో వాండ్లు. యాస అని కొందరు నవ్వుతారు గానీ, బడిలో అరసున్న పెట్టి దిద్దించిన పంతుళ్ళ కంటే ఆ సున్నను నిజంగా కాపాడింది ఆ నోళ్ళే.

తేడా ఎక్కడంటే, మనం వదిలించుకున్నాం. గిడుగు రామమూర్తి వంటివాళ్ళు వాడుక భాష కోసం పోరాడాక అరసున్న అచ్చులోంచి దాదాపు తప్పుకుంది. ఇంగ్లిషువాళ్ళకు అది చేతకాలేదు. 1906లో అమెరికా అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్ట్ మూడు వందల మాటలకు తేలిక స్పెల్లింగులు వాడమని ప్రభుత్వ ముద్రణాలయాన్ని ఆదేశించాడు. ‘త్రూ’ను నాలుగక్షరాలతో సరిపెట్టడం వాటిలో ఒకటి. పత్రికలు గేలి చేశాయి, కాంగ్రెసు ఎదురు తిరిగింది, ఏడాది తిరక్కుండానే వెనక్కి తగ్గాడు. షికాగో ట్రిబ్యూన్ పత్రిక 1934 నుంచి అలాంటి పొట్టి స్పెల్లింగులు అచ్చువేసి, 1975లో చాలించుకుంది. నోవా వెబ్‌స్టర్ పుణ్యమా అని అమెరికాలో నాగలి ఒక్కటి జీహెచ్ వదిలి డబ్ల్యూతో తేలింది. మిగిలిన గుంపు చెక్కుచెదరలేదు.

వాళ్ళు మార్చరు కాబట్టి నేర్చుకునే దారే చూసుకోవాలి. అమెరికాలో జాతీయ స్పెల్లింగ్ బీ పోటీని 2012లో స్నిగ్ధ నందిపాటి, 2013లో అరవింద్ మహంకాళి గెలిచారు, ఇద్దరూ తెలుగింటి పిల్లలే. ఆ పోటీలో పిల్లలు తరచూ అడిగే ప్రశ్న, ఈ మాట ఏ భాషనుంచి వచ్చింది అని. పుట్టుక తెలిస్తే స్పెల్లింగు సగం చేతికొచ్చినట్టే. అరవింద్ చివరి మాట ‘క్నేడెల్’, యూదుల ఇళ్ళలో వండే ఒక రకం ఉండ. మన ఇంట్లో ఎవరూ వండని ఆ ఉండను పదమూడేళ్ళ కుర్రాడు గుర్తుపట్టాడు.

ఇంగ్లిషు చెప్పే అమ్మానాన్నలకూ ట్యూషను మాస్టార్లకూ నా విన్నపం ఒకటే. పదిసార్లు రాయించే ముందు, అక్కడ ఒకప్పుడు ఒక ధ్వని ఉండేదని పిల్లలకు ఒక్కసారి చెప్పండి, గొంతు రాపాడించి వినిపించండి. ఆ తర్వాత గుంపులుగా పట్టించండి. ‘ఫ్’ అనేవి పిల్లలకు కావలసినవి చాలా కొద్ది: టఫ్, రఫ్, ఇనఫ్, కాఫ్, ట్రాఫ్, వీటికి తోడు లాఫ్. ఆ నాలుగక్షరాల తర్వాత టీ ఉంటే కళ్ళు మూసుకుని ‘ఆట్’ అనమనండి: బాట్, బ్రాట్, ఫాట్, థాట్, సాట్. కరువుకు వాడే ‘డ్రౌట్’ ఒక్కటీ ఈ లెక్కకు లొంగదు, దాన్ని మాత్రం విడిగా కంఠతా పట్టించండి.