ఎర్రనీళ్ళ సీసాలో బంగారం

లండను నగరంలో గ్రీన్ పార్కు స్టేషనులో రైలు దిగి కొంచెం దూరం నడిస్తే ఆల్బెమార్ల్ వీధి వస్తుంది. ఆ వీధిలో 21వ నంబరు మేడ, ముందు పొడుగాటి స్తంభాల వరస ఉన్నది, రాయల్ ఇన్‌స్టిట్యూషన్. లండను వెళ్ళినవాళ్ళు మైనపు బొమ్మలు చూడటానికి బారులు తీరతారు గాని, నన్నడిగితే పిల్లలు ముందు చూడవలసింది ఈ మేడ కింది అంతస్తు. మైకేల్ ఫారడే ప్రయోగశాల అక్కడే ఉన్నది. పుస్తకాలు బైండు చేసే దుకాణంలో పని నేర్చిన కుర్రవాడు 1813లో ఇక్కడ సహాయకుడుగా చేరి, ఎన్నో ఏళ్ళు ఈ మేడలోనే కాపురమున్నాడు.

ఆయన తీగచుట్టలూ, అయస్కాంతాలూ అందరూ చూస్తారు. నేను ఎక్కువసేపు నిలబడింది ఒక సీసా దగ్గర. అందులో లేత దానిమ్మరసం రంగు ద్రవం ఉన్నది. అది బంగారం! నూట అరవై ఏళ్ళు దాటినా అడుగుకు దిగిపోలేదు.

"బంగారం పచ్చగా గదా ఉంటుంది?" అంటారు మీరు. ఫారడే పల్చని బంగారు రేకును వెలుతురుకు పట్టి చూస్తే అవతలి వెలుగు ఆకుపచ్చగా కనిపించింది. మరి అంతకంటె చిన్న తునకలయితే? బంగారు లవణాన్ని నీళ్ళలో కరిగించి భాస్వరం తగిలించాడు. లవణంలోని బంగారం విడివడి నీళ్ళు కెంపురంగుకు తిరిగినవి. కంటికి ఒక్క నలుసూ ఆనదు. ఉన్నదని తెలియటం ఎలా? కటకంతో వెలుగును కూర్చి ఆ నీళ్ళలోకి పంపాడు. కిటికీ సందున వచ్చే ఎండలో దుమ్ము మెరిసినట్టు, వెలుగు పోయే దారి కనిపించింది. ఉప్పు వేస్తే ఎరుపు పోయి నీలం వచ్చింది. అంటే నలుసులు ఒకదానికొకటి చేరి ముద్దలయినవన్నమాట. (పాత్ర ఏమాత్రం శుభ్రంగా లేకపోయినా ప్రయోగం చెడేది!) 1857లో ఇదంతా రాయల్ సొసైటీకి వినిపించాడు. ఒక్కొక్క నలుసులో పరమాణువులెన్నో మాత్రం చెప్పే వీలు ఆనాడు లేదు.

సరిగా 150 ఏళ్ళకు, 2007లో, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో రోజర్ కోర్న్‌బర్గు బృందం ఒక రకం నలుసుకు ఆ లెక్క తేల్చింది. ఇలా లెక్కగా కూడిన పరమాణువుల గుంపును లోహగుచ్ఛమంటారు. అవి ముద్ద కట్టకుండా గంధకమున్న అణువులను చొక్కాలాగా తొడిగారు. గుచ్ఛాలన్నీ ఒకే కొలతవయితే ఇటుకలు పేర్చినట్టు అమరి స్ఫటికమవుతవి. దానిలోకి ఎక్స్ కిరణాలు పంపి, అవి చెదిరే తీరునుబట్టి ఏ పరమాణువు ఎక్కడున్నదో కట్టవచ్చు. కష్టమంతా ఆ స్ఫటికం రావటంలోనే! తేలిన లెక్క ఇది: బంగారు పరమాణువులు 102, చొక్కా అణువులు 44.

102 ఎందుకు, వంద ఎందుకు కాదు? పలక తీసుకోండి. ఒక్కొక్క బంగారు పరమాణువు ఒక ఎలక్ట్రాను చొప్పున ఇస్తుంది. చొక్కాలోని గంధకానికి 44 పోగా మిగిలేవి 58. నియాన్, ఆర్గాన్ వాయువులలో ఎలక్ట్రానుల అరలు నిండుగా ఉంటవని పెద్ద తరగతులవాళ్ళకు తెలుసు. ఇటువంటి గుచ్ఛానికి 58 అలా నిండే సంఖ్య.