బీరులో అరటిపండు వాసన!

మ్యూనిక్‌లో ఉదయం పదకొండు గంటలు. టాల్ వీధిలోని పాత బీరుశాలలో పక్క బల్ల దగ్గర ఓ బామ్మగారు తెల్ల సాసేజీలతో పాటు గోధుమ బీరు తాగుతున్నారు. బీరంటే చేదేనని ఇన్నేళ్లూ దూరంగా ఉన్న నేనూ బెరుగ్గానే ఒకటి తెమ్మన్నా. వెయిట్రెస్ పొడవాటి అరలీటరు గ్లాసు వంచి మెల్లగా పోసింది. సీసా అడుగున మిగిలిన ఈస్టునూ కదిపి మరీ ఒంపింది. మసక తేనెరంగు, పైన బెత్తెడు నురగ. మొదటి గుక్కలోనే మాగిన అరటిపండు, వెనకే లవంగం! ఆ రెండూ ఇందులో వేయరు, ఈస్టు పుట్టించే వాసనలే. చేదు నామమాత్రం. కనీసం సగం గోధుమ మాల్టే ఉండాలట. బవేరియాలో ఒకప్పుడు ఈ బీరు కాచే హక్కు రాజవంశానిదే. 1872లో గియోర్గ్ ష్నైడర్ ఆ హక్కు సంపాదించాడు. నాకు మాత్రం సగం గ్లాసుకే కడుపు నిండిపోయింది. అంతలో ఇంటి నుంచి అమ్మ ఫోను. ‘‘టిఫినేం తిన్నావురా?’’

అరటిపండు అనబోయి ఆగిపోయా.